నూటికి నాలుగు రూపాయల పావలా

మా నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో గుమాస్తా. ముప్పై ఏళ్లుగా అదే పని. మండీ రైతులకిచ్చే అడ్వాన్సులు, వాటి వడ్డీలు, చెల్లు రాసిన తేదీలు అన్నీ ఆయన చేతిరాతలోనే ఉంటాయి. ఇంటికొచ్చి ఎవరైనా అప్పు సంగతి ఎత్తితే ఆయన మొదట అడిగేది ఒకటే: "నూటికి ఎంత?" మా ఊళ్లో రూపాయి వడ్డీ అంటే ధర్మం. రెండంటే వాడుక. మూడంటే అవసరంలో ఉన్నారని అర్థం. నాలుగు రూపాయలకు అప్పిచ్చే మనిషి గురించి నలుగురూ మంచిగా మాట్లాడుకోరు.

ఈ లెక్కల మధ్యే పెరిగాను. బీకాం చదివాను. బెంగళూరులో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. అయినా మా ఇంట్లో రెండు క్రెడిట్ కార్డుల మీద కలిపి రెండు లక్షల డెబ్బై వేలు బాకీ పడింది. ఎనిమిది నెలల పాటు దాన్ని అప్పు అని కూడా అనుకోలేదు, 'బిల్లు' అనే అనుకున్నాం. అందులోంచి ఎలా బయటపడ్డామో, ఏ దశలో ఏం చేశామో రాస్తున్నాను. మారతహళ్లి, మున్నేకొళాల చుట్టుపక్కల పీజీల్లో, సింగిల్ బెడ్‌రూం ఇళ్లలో మా లాంటివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇందులో ఒక్క లెక్క పనికొచ్చినా నాకు సంతోషమే.

2019లో పెళ్లయి ఇక్కడికి వచ్చాం. మొదటి కార్డు 2021లో, ఆఫీసు కింద లాబీలో తీసుకున్నాను. టేబుల్ వేసుకుని కూర్చున్న అబ్బాయిది అనంతపురం. "అక్కా, లైఫ్‌టైం ఫ్రీ. ఆధార్, పాన్ ఉంటే చాలు" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది. 75 వేల లిమిట్. మొదటి ఏడాది ఆ కార్డు నాకు మంచే చేసింది, ఆ మాట దాచను. సరుకులు, ఊరికెళ్లే బస్సు టికెట్లు అన్నీ దాని మీదే తీసుకుని, జీతం పడగానే బిల్లు మొత్తం కట్టేసేదాన్ని. అలా మొత్తం కట్టేవాళ్లకు 45 నుంచి 50 రోజుల దాకా వడ్డీ పడదు. పక్కింట్లో చేబదులు తీసుకుని ఒకటో తారీఖున ఇచ్చేసినట్టు. లిమిట్ లక్షన్నరకు పెంచుతామని మెసేజ్ వస్తే సరేనని నొక్కాను. మా ఆయన కూడా ఒక కార్డు తీసుకున్నారు, లక్షా నలభై వేల లిమిట్‌తో.

2022 జూన్‌లో ఇల్లు మారాం. బెంగళూరులో ఇల్లు మారడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కొత్త ఓనర్‌కి ఆరు నెలల అద్దె అడ్వాన్స్, తొంభై వేలు. పాత ఓనర్ పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకున్నాడు, మిగతాది నిదానంగా ఇస్తానన్నాడు. తాళాలు కావాలంటే కొత్తింటి డబ్బు ఆ వారంలోనే కట్టాలి. అద్దె కట్టే యాప్‌లో నా కార్డు పెట్టి కట్టేశాం, యాప్ ఫీజు వేరే. పాత అడ్వాన్స్ మూడు నెలల పాటు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముక్కలుగా వచ్చిన డబ్బు ముక్కలుగానే పోతుంది. తొంభై వేల బాకీ మాత్రం ఒకే ముద్దగా కార్డు మీద కూర్చుంది.

నవంబరులో మా ఆయన కంపెనీలో ప్రాజెక్టు మూసేశారు. ఆరు నెలలు ఇంట్లోనే ఉన్నారు. నా జీతం 38 వేలు. అందులో అద్దె 15 వేలు, ఊళ్లో అత్తయ్య మందులకు పంపేది నాలుగు వేలు. డిసెంబరు బిల్లు వచ్చింది. కార్డు బిల్లులో రెండు అంకెలుంటాయి, పైన కట్టాల్సిన మొత్తం, కింద మినిమం. నా బిల్లులో పైన 1,45,950, కింద 7,300. ఆ కింది అంకె చూడగానే నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది. ఏడు వేలే కదా, ఎలాగో కట్టేయొచ్చు అనుకున్నాను. కట్టేశాను. "మీ చెల్లింపు అందింది, ధన్యవాదాలు" అని మెసేజ్ వచ్చింది. ఆ నెలకి బాధ్యత తీరిపోయినట్టే అనిపించింది.

ఆ 7,300 ఎక్కడికి పోయిందో అప్పుడు చూడలేదు. లక్షా నలభై వేల మీద నెలకు 3.6 శాతం వడ్డీ, 5,040 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 907. రెండూ కలిపి దాదాపు 5,950. అంటే నేను కట్టిన దాంట్లో అసలుకు చేరింది పదమూడు వందల యాభై. ఇంటర్నెట్, కరెంటు బిల్లులు ఆ కార్డుకే ముడిపెట్టి ఉన్నాయి, అవీ ఇంచుమించు అంతే అవుతాయి. తగ్గిందంతా మళ్లీ నిండిపోయేది. ప్రతి నెలా అదే అంకె.

నా కార్డు నిండిపోవడంతో ఇంటి ఖర్చులు మా ఆయన కార్డు మీద పడ్డాయి. అది రూపే కార్డు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు కదా, ఫోన్ తీసి అంగట్లో స్కాన్ చేస్తే చాలు, డబ్బు బ్యాంకు ఖాతాలోంచి కాక కార్డులోంచి పోతుంది. ఆయన ఫిబ్రవరి బిల్లు నాలుగు పేజీలు వచ్చింది. టీ పదిహేను, కొత్తిమీర పది, నందిని పాలు, మళ్లీ పాలు, గ్యాస్ పొయ్యి రిపేరు రెండొందలు. పెద్ద ఖర్చు ఒక్కటీ లేదు. చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. కిందటి నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే ఆ 45 రోజుల సౌకర్యం పోతుంది. కొత్తగా కొన్నదానికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే పొద్దున కొన్న పాల ప్యాకెట్ మీద ఆ పొద్దున నుంచే వడ్డీ. పాలు సాయంత్రానికి అయిపోతాయి, వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

మార్చిలో అత్తయ్యను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అక్కడ కౌంటర్లో నగదే కావాలన్నారు. మా ఆయన ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి ఇరవై వేలు తీశారు. తీసినందుకు ఫీజు రెండున్నర శాతం, 500. దాని మీద జీఎస్టీ 90. వడ్డీ ఆ నిమిషం నుంచే. కార్డుతో నగదు తీస్తే ఒక్క రోజు కూడా గడువు ఉండదని ఆ బిల్లు వచ్చాకే తెలిసింది. డిసెంబరులో డెబ్బై వేలున్న ఆయన బాకీ అలా పెరుగుతూ పోయి జూలైకి లక్షా ముప్పై వేలయింది.

మే నెలలో ఆయన కార్డుకు మినిమం కూడా కట్టలేకపోయాం. జూన్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది, జీతం పాతదానికన్నా తక్కువ. మొదటి జీతం చేతికొచ్చే లోపలే ఫోన్లు మొదలయ్యాయి. ఆలస్య రుసుము 950, దాని మీద జీఎస్టీ 171 సరే, అవి అంకెలు. ఫోన్లు అలాంటివి కావు. పొద్దున బస్సులో నిలబడి ఉన్నప్పుడు, మధ్యాహ్నం డబ్బా విప్పినప్పుడు, రాత్రి తొమ్మిదిన్నరకు. తెలుగు వాళ్లమని తెలిసి తెలుగు వచ్చిన మనిషినే పెట్టారు. "మేడం, తీసుకునేటప్పుడు బాగానే తీసుకున్నారు కదా" అనేవాడు. ఒకరోజు దరఖాస్తులో రిఫరెన్స్‌గా రాసిన నా సహోద్యోగికి ఫోన్ చేశారు. ఆవిడ నా సీటు దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా మెల్లగా చెప్పింది. ఆ మెల్లగా చెప్పడమే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. "నా కార్డు వల్లే కదా" అన్నారు. ఇద్దరం ఒకరినొకరు ఏమీ అనుకోలేదు, కానీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

వసూలు మనుషులు ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. బంధువులను, స్నేహితులను, రిఫరెన్స్ ఇచ్చినవాళ్లను ఇందులోకి లాగకూడదు. అది తెలిశాక రెండు కాల్స్ రికార్డు చేసి, తేదీ, సమయం, నంబరు రాసి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. మేం బాకీ ఎగ్గొట్టడం లేదు, కట్టే దారి చూసుకుంటున్నాం, మాట్లాడాలంటే పగటిపూట మాతోనే మాట్లాడండి అని రాశాను. రాత్రి ఫోన్లు ఆగిపోయాయి. పగటివి మాత్రం వస్తూనే ఉన్నాయి.

జూలైలో నాయన వచ్చాడు. చింతామణి, హొస్కోటె మీదుగా వచ్చే బస్సెక్కి కె.ఆర్.పురంలో దిగి, సంచీ మోసుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ నెల టమోటా కిలో వంద దాటింది, ఇక్కడ జనం అరకిలో పావుకిలో కొనుక్కుంటున్నారు. సంచీ విప్పితే ఐదారు కిలోలు, గట్టివి, ఏరినవి. ఓనరమ్మకు కూడా కాసిన్ని ఇచ్చి రమ్మన్నాడు. మేం కూర్చుని ఉండగానే ఫోన్ మోగింది. నేను కట్ చేశాను. మళ్లీ మోగింది.

"ఎవురమ్మా అది?"

అబద్ధం చెప్పలేకపోయాను. మొత్తం చెప్పాను. నాయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని అదే మాట అడిగాడు. "నూటికి ఎంత పడతాది?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎనిమిది నెలలుగా నెలనెలా చూస్తున్న బిల్లు. మొత్తం ఎంతో నోటికి వచ్చు, మినిమం ఎంతో నోటికి వచ్చు, గడువు తేదీ నోటికి వచ్చు. నూటికి ఎంతో మాత్రం తెలియదు. ఫోన్‌లో బిల్లు తెరిచి, చివరి పేజీలో సన్న అక్షరాల్లో వెతికి చెప్పాను, నెలకు 3.6 శాతం అని. దాని మీద 18 శాతం పన్ను అని.

"వడ్డీ మీద పన్నా?" అన్నాడు. జేబులోంచి ఒక మండీ చీటీ తీసి, వెనక్కి తిప్పి పెన్సిల్‌తో వేశాడు. మూడు రూపాయల అరవై పైసలు. దాని మీద పన్ను అరవై ఐదు పైసలకు కొంచెం తక్కువ. కింద గీత గీసి రాశాడు: 4.25. "నాలుగు రూపాయల పావలా" అని పైకి చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మన మండీలో రైతుకి రెండు రూపాయలు రాసేదానికే నాకు చెయ్యి ఆడదు పాపా."

తర్వాత అదే చీటీ మీద ఇంకో లెక్క వేశాడు. నా కార్డు మీద ఎనిమిది నెలల్లో వడ్డీకీ పన్నుకీ పోయింది 47,600. అసలు ఎక్కడిదక్కడే ఉంది. ఇలాగే మినిమం కట్టుకుంటూ పోతే ఎన్నాళ్లు పడుతుందో ఆ రాత్రి నేను ఆఫీసు లాప్‌టాప్‌లో వేసి చూశాను. కొత్తగా ఒక్క రూపాయి వాడకపోయినా, బాకీ సగం కావడానికే ఆరేళ్లు. కేవలం మినిమమే కడుతూ పోతే తిరిగి కట్టడం నెలలూ ఏళ్లూ సాగుతుందన్న హెచ్చరిక ప్రతి బిల్లులోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. నా బిల్లులోనూ ఉంది. ఇంగ్లీషులో ఒక పొడుగాటి వాక్యం, ఆఫర్ల బొమ్మ కింద. ఆ వాక్యాన్ని నేను చదివే ఉంటాను. కానీ చీటీ మీద పెన్సిల్‌తో రాసిన ఆ అంకెలాగా అది నన్ను తాకలేదు. 'నెలకు 3.6 శాతం' అన్న మాట నా చెవికి బ్యాంకు మాట. 'నూటికి నాలుగు రూపాయల పావలా' మా ఊరి మాట. ఆ మాటతో చెప్పి ఉంటే నేను ఆ అప్పు ఒక్క నెల కూడా ఉంచుకునేదాన్ని కాదు.

"ఇంత వడ్డీ వేస్తే గవర్మెంటు ఊరుకుంటాదా?" అని నాయన అడిగాడు. నిజానికి 2008లోనే జాతీయ వినియోగదారుల కమిషన్, కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అన్యాయమని తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ వార్త చదివి నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే మన జాగ్రత్తలో మనం ఉండాల" అని పెట్టేశాడు. నాకైతే ఇప్పటికీ 30 శాతం పైన అన్యాయమన్న ఆ పాత మాటే న్యాయంగా కనిపిస్తుంది.

నాయన వచ్చిన ఆ జూలై వారంలోనే వసూలు మనిషి కొత్త మాట చెప్పాడు. మా ఆయన కార్డు లక్షా ముప్పై వేలకు డెబ్బై వేలు ఒకేసారి కడితే 'సెటిల్‌మెంట్' చేసేస్తారట. అరవై వేలు మిగులుతాయి. మా ఆయనకు ఆశ పుట్టింది, నాకూ పుట్టింది. నాయన విని, "అది సగం ఐపీ పెట్టినట్టే కదమ్మా" అన్నాడు. అది ఊరి మాటే అయినా సరిగ్గా అంతే. సెటిల్‌మెంట్ చేసుకుంటే మన అప్పుల చరిత్ర రాసి ఉండే సిబిల్ నివేదికలో ఆ ఖాతా ఎదురుగా 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడుతుంది. మొత్తం కట్టలేదు, కొంత వదిలేశారు అని దాని అర్థం. మా ఆఫీసులో ఒకాయన అలా చేసి, కొన్నేళ్ల తర్వాత ఇంటి లోనుకు వెళితే బ్యాంకు వెనక్కి పంపింది. పాత బాకీలో మిగిలింది కట్టి, బాకీ లేదన్న లెటర్ తెచ్చాకే ఫైలు కదిలింది. నిజంగా దారే లేనివాళ్లు సెటిల్‌మెంట్ చేసుకుంటే నేను తప్పుపట్టను. మాకు ఇంకో దారి ఉంది. అది బీరువాలో ఉంది.

పెళ్లికి అమ్మావాళ్లు పెట్టిన నాలుగు గాజులు. కుదువ పెడదామని నేనే అన్నాను. మా ఆయన వద్దన్నారు, చాలాసేపు వద్దన్నారు. ఆయనకు నాయన ముందు తల ఎత్తడానికే కష్టంగా ఉంది. నాయన వాళ్లల్లుడి వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ లెక్క చెప్పాడు. "ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద ఏడాదికి తొమ్మిది శాతం. అంటే ముప్పావలా వడ్డీ. నాలుగు రూపాయల పావలా అప్పుని ముప్పావలాకి మార్చుకుంటా ఉండారు. ఇందులో సిగ్గేముంది నాయనా?" లక్షా ముప్పై వేల మీద కార్డుకైతే నెలకు ఐదు వేల ఐదు వందల పైన. బంగారం మీదైతే 975.

మర్నాడు బ్యాంకుకు వెళ్లాం. అక్కడ కిటికీ పక్క చిన్న బల్ల దగ్గర కంసాలి ఒకాయన కూర్చుని ఉన్నాడు. గాజులు ఒక్కొక్కటే గీటురాయి మీద గీసి, గీత మీద యాసిడ్ చుక్క వేసి, రంగు చూసి పక్కన పెట్టాడు. తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి, 38 గ్రాములు అని రాశాడు. గ్రాముకు నాలుగు వేల లోపే ఇస్తామన్నారు. బంగారం విలువలో ముప్పావు వంతుకు మించి అప్పు ఇవ్వకూడదని అప్పట్లో నియమం. మాకు కావాల్సింది లక్షా ముప్పై వేలే, అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవద్దని నాయన ముందే చెప్పాడు. గుడ్డ సంచిలో వేసి, మూతి కట్టి, సీలు వేసి నా చేత సంతకం పెట్టించారు. బయటికొచ్చాక నా ముంజేతి మీద గాజులున్న చోట తెల్లటి చార కనిపించింది. నాలుగేళ్లుగా ఎండ తగలని చోటు. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి మట్టి గాజులు వేసుకున్నాను. అత్తయ్య చూశారు, ఏమీ అడగలేదు. వాళ్లబ్బాయి ముందే చెప్పి ఉంటారు.

ఆ డబ్బుతో ఆయన కార్డు మొత్తం కట్టేశాం. నా కార్డు లక్షా నలభై వేలు మిగిలింది. దాన్ని ఈఎంఐగా మార్చమని అడిగాను. ఫోన్‌లో మాట్లాడినవాళ్లు మొదట అర్హత లేదన్నారు. మెయిల్ రాశాను, మళ్లీ రాశాను, మూడోసారి ఒప్పుకున్నారు. ఏడాదికి 18 శాతం, 24 నెలలు. మా లెక్కలో రూపాయిన్నర వడ్డీ. నెల కంతు 6,989. వడ్డీ మీద జీఎస్టీ వేరే, మొదటి నెల 378. కలిపితే 7,367. అప్పటిదాకా మినిమం పేరుతో నెలనెలా పోసింది 7,300! తేడా వంద రూపాయలు కూడా లేదు. ఒకటి రెండేళ్లలో తీరిపోయేది, ఇంకోటి ఆరేళ్లకు సగమయ్యేది. ఈ తేడాను డిసెంబరులోనే తెలుసుకుని అడగకపోవడం ఒక్కటే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇంకా బాధించే సంగతి. కార్డు బాకీ పూర్తిగా కట్టలేమని తెలిసిన మొదటి నెలలోనే, ఒక్క కంతు కూడా తప్పకముందే, ఈఎంఐ అడగండి. ఒకటి రెండు తప్పాక వాళ్లు మనతో మాట్లాడే తీరే మారిపోతుంది.

మా ఆయన కార్డును మూయించడం ఇంకో కథ. బాకీ సున్నా అయ్యాక కార్డు రద్దు చేయమని మెయిల్ పెట్టాం. రద్దు చేయకుండా ఆఫర్లు చెబుతూ ఫోన్లు. "సార్, లిమిట్ పెంచుతాం సార్." నిన్నటిదాకా బెదిరించిన చోటి నుంచే ఈ మాట. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన కార్డుల నిబంధనల ప్రకారం, బాకీ ఏమీ లేనప్పుడు రద్దు చేయమని అడిగితే ఏడు పని దినాల్లో చేసి తీరాలి. ఆ గడువు దాటితే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు చెల్లించాలి. ఈ నియమాన్ని తేదీలతో సహా రాసి బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు పంపాం. ముప్పై రోజుల్లో పరిష్కారం కాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తామని కూడా రాశాం. గడువు దాటిన 19వ రోజుకు కార్డు రద్దయింది. 9,500 రూపాయలు మా ఆయన ఖాతాలో పడ్డాయి. ఆ డబ్బు కన్నా, కాగితం మీద ఉన్న నియమం నిజంగా పనిచేసిందన్నది మాకు పెద్ద బలం ఇచ్చింది. బాకీ లేదన్న లెటర్ ప్రింటు తీసి ఫైల్‌లో పెట్టుకున్నాం. ఆ లెటర్ అడిగి తీసుకోవాలి, దానంతట అది రాదు.

సిబిల్ నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు. ఆయనది తీసి చూస్తే స్కోరు 648. 300 నుంచి 900 మధ్య ఇచ్చే స్కోరు ఇది. కింద ఒక్కో నెలకు ఒక్కో చిన్న గడి, అన్నిట్లో సున్నాలు, ఒక్క గడిలో మాత్రం 034. గడువు దాటి 34 రోజులు. మా ఆయన వేలు చాలాసేపు ఆ గడి మీదే ఉంది. అది వెంటనే చెరిగేది కాదు, కాలం గడుస్తుంటే దాని ప్రభావం తగ్గుతుందంతే. ఇంకోటి కూడా కనిపించింది. మేం కట్టేసిన ఆలస్య రుసుము 1,121 ఇంకా బాకీ ఉన్నట్టే ఉంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టి, లెటర్ జతచేస్తే నెల తిరిగేలోపు సరిచేశారు. ఇలాంటి తప్పు సరిదిద్దడం 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పూర్తిగా తీర్చేశాం కదా అని వదిలేయకుండా రెండు నెలలాగి ఒకసారి నివేదిక చూసుకోవడం మంచిది.

గాజుల అప్పుకు నెలనెలా వడ్డీ కాక ఎనిమిది వేలు అసలుకు కడుతూ వచ్చాం. 2025 సంక్రాంతికి ముందు విడిపించాం. సీలు నా ముందే విప్పి, తూకం వేసి ఇచ్చారు. వేసుకుని నేరుగా మదనపల్లె బస్సెక్కాను. ఆ ఏడాది ఆగస్టులో నా ఈఎంఐ కూడా పూర్తయింది. నా కార్డు ఇప్పటికీ ఉంది. లిమిట్ నలభై వేలకు తగ్గించమని నేనే రాసిచ్చాను. ఆటో డెబిట్ సెట్టింగ్‌లో 'మినిమం' అని ఉన్నదాన్ని 'మొత్తం' అని మార్చాను. ఫోన్‌లో స్కాన్ చేస్తే బ్యాంకు ఖాతాలోంచే పోతుంది. పాలకీ కొత్తిమీరకీ అప్పు చేసేది లేదని ఇద్దరం అనుకున్నాం. మండీ చీటీ ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగ్ లోపలి జేబులో ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది.

కిందటి నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, కర్నూలు నుంచి వచ్చింది, కుందలహళ్లి గేట్ దగ్గర పీజీలో ఉంటుంది, మధ్యాహ్నం అన్నం దగ్గర తన ఫోన్ చూపించింది. మొదటి క్రెడిట్ కార్డు, మూడో బిల్లు. "అక్కా, మొత్తం నలభై రెండు వేలుంది, కానీ రెండు వేల వంద కడితే చాలంట కదా?" అంది. ఆ అమ్మాయి మొహంలో ఉన్న ఊరట నాకు బాగా తెలుసు. బిల్లు చివరి పేజీకి తీసుకెళ్లి వడ్డీ ఎక్కడుందో చూపించాను. పేపర్ నాప్‌కిన్ మీద లెక్క వేసి, కింద గీత గీసి, నాలుగు రూపాయల పావలా అని రాసి ఆమె వైపు తిప్పాను.

ఆ అమ్మాయి చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"ఇది సంవత్సరానికా అక్కా?"

"నెలకి" అన్నాను.